గోలీ దొర్లే లెక్క: శక్తి దారి మేలా, టార్క్ దారి మేలా?

ఇంటర్ ఫస్టియర్‌లో భ్రమణ గతి పాఠం మొదలైందంటే చాలు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా హాస్టల్ పిల్లలకు టెన్షనే. సూత్రాలు నోటికొస్తాయి, ఏ లెక్కకు ఏది వాడాలో మాత్రం తేలదు. ఎక్కువగా తికమక పెట్టేది వాలు మీద దొర్లే వస్తువు లెక్క.

సరంజామా ఇంట్లోనే ఉంటుంది. లాడ్‌బజార్ చేతి గాజు మన రింగు, క్యారమ్స్ స్ట్రైకర్ మన డిస్కు, గోలీ మన ఘనగోళం. (ఒంటి గాజు తూలి పడిపోతుంది, ఒకే సైజువి నాలుగైదు కలిపి టేపు చుట్టండి.) వాలుగా పెట్టిన చెక్క మీద ఒకే గీత నుంచి మూడింటినీ వదిలితే ముందు గోలీ, తర్వాత స్ట్రైకర్, ఆఖరున గాజు దిగుతాయి. బరువుతో గానీ సైజుతో గానీ పని లేదు.

ఎందుకో శక్తి దారి, అంటే ఎత్తు దిగితే వచ్చిన శక్తి ఎటెటు పోయిందో చూసే లెక్క, రెండు లైన్లలో చెప్పేస్తుంది. గాజు ద్రవ్యరాశి అంతా అంచునే ఉంది కాబట్టి దాని జడత్వ భ్రామకం (తిప్పబోతే వస్తువు ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలత) పూర్తి ఎంఆర్ స్క్వేర్, అంటే ద్రవ్యరాశిని వ్యాసార్ధం వర్గంతో గుణించినంత. స్ట్రైకర్‌కు అందులో సగం, గోలీకి ఐదింట రెండు వంతులు. అందుకే దిగేటప్పుడు వచ్చిన శక్తిలో గాజు సగాన్ని తిరగడానికే ఖర్చు పెడుతుంది. స్ట్రైకర్ మూడో వంతుతో, గోలీ ఏడింట రెండు వంతులతో సరిపెట్టుకుంటాయి. అర మీటరు ఎత్తు దిగాక గోలీ వేగం సెకనుకు 2.65 మీటర్లు, స్ట్రైకర్‌ది 2.56, గాజుది 2.21. ఎప్‌సెట్ లాంటి పరీక్షలో వేగం ఒక్కటే అడిగితే ఇంకో దారి వెతకడం టైం దండగ.

అయితే అసలు గోలీని తిప్పుతున్నదెవరు? దీనికి శక్తి దారి నోరు విప్పదు. టార్క్, అంటే ఒక బలం వస్తువును ఎంతగా తిప్పుతుందో చెప్పే కొలత, రాసి చూడండి. బరువు కేంద్రం మీదే పనిచేస్తుంది, చెక్క పైకి నెట్టే బలం కూడా కేంద్రం గుండానే పోతుంది. రెండింటికీ కేంద్రం చుట్టూ టార్క్ సున్నా. మిగిలింది ఘర్షణ ఒక్కటే. అది లేకపోతే మూడూ తిరగకుండా జారి, ఒకేసారి కిందికి చేరతాయి. 30 డిగ్రీల వాలు మీద జారకుండా దొర్లాలంటే గాజుకు ఘర్షణ గుణకం (చెక్క ఎంత పట్టు ఇస్తుందో చెప్పే అంకె) కనీసం 0.29 కావాలి, గోలీకి 0.17 చాలు. చెక్కను ఇంకా నిలబెడుతూ పోతే, ఘర్షణ గుణకం అన్నిటికీ ఒకటే అయినప్పుడు, ముందు జారేది గాజే. జారడం మొదలయ్యాక కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి పైన వేసిన వేగం లెక్క చెల్లదు.

నన్నడిగితే కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు టార్క్‌తోనే కుస్తీ పట్టాలి. నెమ్మదే, గుర్తుల దగ్గర ప్లస్సులు మైనస్సులు తారుమారవుతాయి, విసుగొస్తుంది. కానీ ఘర్షణ ఎటువైపు ఉందో ఒక్కసారి చేత్తో గీసినవాడికి శక్తి సమీకరణం ఎక్కడ పనికిరాదో చెప్పాల్సిన పని ఉండదు.

కోచింగుల్లో ఇంకో షార్ట్‌కట్ చెబుతారు, నేలను తాకే బిందువునే అక్షంగా తీసుకోమని. ఘర్షణ టార్క్ సున్నా అయిపోతుంది, త్వరణం ఒక్క లైన్లో వచ్చేస్తుంది. బాగానే ఉంటుంది గానీ, ఘర్షణ ఎంత అని అడిగితే బలాల సమీకరణం మళ్లీ రాయక తప్పదు.