మెడ బాగుపడింది, ప్లగ్గు మాత్రం చూసుకోండి

శుక్లాల ఆపరేషన్లు మైక్రోస్కోప్‌కు కెమెరా బిగించి, 3డి తెర మీద బొమ్మ చూస్తూ చేయడం మొదలుపెట్టాక, సాయంత్రం ఓపీలో మెడకు పట్టీ పెట్టుకోవడం మానేశాను. ఈ ఒక్క సుఖానికే దాన్ని నెత్తిన పెట్టుకోవచ్చు. నేను కాస్త పొడగరిని. మైక్రోస్కోప్ ఐపీస్‌లో, అంటే కళ్లు ఆనించి చూసే గొట్టాల్లో, కళ్లు పెట్టాలంటే వీపు వంచి, గడ్డం ముందుకు చాచి బిగుసుకుపోవాల్సిందే, పైగా రెండు కాళ్లూ పెడళ్ల మీద. ఇప్పుడు నిటారుగా కూర్చుని ఎదురుగా 55 అంగుళాల తెర చూస్తున్నాను. మైక్రోస్కోప్ లైటు తగ్గించినా బొమ్మ స్పష్టంగా ఉంటుంది కాబట్టి పేషెంట్లూ అంతగా కన్ను బిగించడం లేదు.

లోతు ఐపీస్‌లో కన్నా బాగా తెలుస్తుందని మొదట్లో తోటి డాక్టర్లకు చెప్పేవాణ్ణి. తెరకు సూటిగా కూర్చునే నాకైతే అది నిజమే, పక్క నుంచి చూసే అసిస్టెంట్‌కు అంత తెలియదట. చేయి కదిలాక బొమ్మ రవ్వంత ఆలస్యంగా కదులుతుంది. ఫేకోలో, అంటే శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేసేటప్పుడు, దాన్ని మరిచిపోతాను, కుట్టు వేయాల్సి వస్తే గుర్తొస్తుంది.

అసలు టెన్షన్ మే నెలలో పెట్టింది. ఒంగోలు ఎండలు, కరెంటు సంగతి తెలిసిందే. కొత్తపట్నం పెద్దావిడ కంట్లో శుక్లం ముక్కలు చేసి తీస్తుండగా తెర నల్లబడింది. ఫేకో మెషీన్, మైక్రోస్కోప్ యూపీఎస్ మీద ఉన్నాయి. బిగించడానికి వచ్చినాయన తెరను మాత్రం మామూలు ప్లగ్గులో పెట్టి పోయాడు! జనరేటర్ వెంటనే అందుకుంది గానీ సిస్టమ్ మళ్లీ మొదటి నుంచి లేవాలి. ఐపీస్ ఉన్న చోట కెమెరా ఉంది, ఐపీస్ అల్మారాలో ఉంది. ఫేకో పెడల్‌ను మొదటి మెట్టులో ఆపి, కన్ను కుంగిపోకుండా నీళ్లు మాత్రం పారనిస్తూ, చేయి కదపకుండా కూర్చున్నాను. శుక్లం వెనక ఉండే పలచని పొర చిరగకూడదు, అదెక్కడుందో కనబడదు. చుక్కల మందు మత్తే కాబట్టి ఆవిడ మెలకువగానే ఉంది. "ఏం నాయనా, ఏసీ ఆగింది, కరెంటు పోయిందా?" అంది. "వస్తుందమ్మా, కదలొద్దు" అన్నాను. బొమ్మ వచ్చింది, పొర చెక్కుచెదరలేదు, లెన్స్ పెట్టేశాం. ఆ సాయంత్రమే తెరను యూపీఎస్ మీదికి మార్పించాను.

నేను కణత వైపు నుంచి కోస్తాను. కుడి కన్ను తర్వాత ఎడమ కన్ను వస్తే నేను అటు వైపు మారి కూర్చోవాలి, తెర బండిని ఇటు నుంచి అటు లాగాలి. మా ఇరుకు థియేటర్లో క్యాంపు రోజున అది కుదరదు, ఆ రోజు పాత ఐపీసే. నాకు యాభై దాటాయి, మెడ ఆగనివ్వలేదు కాబట్టి కొన్నాను. చిన్న వయసు, బ్యాంకు అప్పు ఉన్నవాళ్లు ముందు మంచి స్టూలు కొనుక్కుని చూడొచ్చు.