ఖైరున్నిసా వంశం వెంట: కోఠి నుంచి టోర్కీ దాకా

హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్‌ను పెళ్లాడిన ఖైరున్నిసా బేగం వంశాన్ని వెతకాలనుకునేవాళ్లు చాలామంది లండన్ నుంచి మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే. ఆమె కొడుకు ఇక్కడ సాహిబ్ ఆలం, కూతురు సాహిబ్ బేగం. 1805 సెప్టెంబరులో ఓడెక్కి ఇంగ్లండు చేరాక బాప్తిస్మంతో వాళ్లు విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయిపోయారు. ఇంటిపేరు పట్టుకుని పోతే తండ్రి వైపు కాగితాలే దొరుకుతాయి. తల్లి వైపు కావాలంటే ప్రయాణం హైదరాబాదులోనే మొదలవ్వాలి.

బయల్దేరే ముందు ఒక కాగితం మీద ఈ పేర్లు రాసుకోండి. ఖైరున్నిసా తల్లి షరఫున్నిసా, తండ్రి మెహదీ యార్ ఖాన్, అమ్మమ్మ దుర్దానా బేగం, తాత బాఖర్ అలీ ఖాన్. వీళ్లకు బంధువు నిజాం దివాను మీర్ ఆలం. ఇంగ్లిషు రికార్డుల్లో ఖైరున్నిసా పేరు కనీసం నాలుగైదు స్పెల్లింగుల్లో కనిపిస్తుంది, అన్నీ పెట్టి వెతకాలి. పారసీ కాగితాల మీద తేదీలు హిజ్రీలో ఉంటాయి. హిజ్రీ 1200 అంటే 1785 నవంబరులో మొదలైన సంవత్సరం. చాంద్రమానం ఏటా దాదాపు 11 రోజులు వెనక్కి జరుగుతుంది కాబట్టి రెండు లెక్కల మధ్య ఒకే తేడా పెట్టి కూడితే పుట్టిన ఏడాదే తప్పుతుంది. ఫస్లీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) అయితే సుమారు 590 కలిపితే సరిపోతుంది.

ఒక్క రోజే ఉందంటే కోఠికి ఇవ్వండి. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచే దూరం. 1803 ప్రాంతంలో మొదలైన ఇక్కడి రెసిడెన్సీ, అంటే రెసిడెంటు నివాస భవనానికి నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల అధికారి శామ్యూల్ రస్సెల్. 'కోఠి' అన్న పేటపేరు కూడా ఈ భవనం నుంచి వచ్చిందే. 1949 నుంచి ఇది మహిళా కళాశాల, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. చదువుకునే ఆడపిల్లల ప్రాంగణం కనుక నేరుగా గేటు దగ్గరికి వెళ్లి బతిమాలడం పద్ధతి కాదు. ముందుగా కార్యాలయంలో ఉత్తరమిచ్చి అనుమతి తీసుకోండి. గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. సెలవులూ పరీక్షల రోజులూ చూసుకుని వెళ్లండి.

అందరూ ఎత్తైన స్తంభాలనూ సింహాలనూ ఫోటోలు తీసుకుని వెనక్కి తిరుగుతారు. వెతకాల్సింది అది కాదు. బేగం తోట ఉన్న వైపు ఆ భవనానికే చిన్న నమూనా ఒకటి ఉంది. పరదాలో ఉండే ఖైరున్నిసా భవనం ముందుభాగం చూడలేదు కాబట్టి ఆమె కోసం కిర్క్‌పాట్రిక్ కట్టించాడని చెబుతారు. ఈ మాట కథే అనుకున్నా, ఆమె జీవితానికి సంబంధించి ఈ నేల మీద మిగిలింది అంతకంటే పెద్దగా ఏమీ లేదు. ఆమె ఉన్న అంతఃపురం రంగ్‌మహల్ ఇప్పుడు లేదు. 1813లో ఆమె చనిపోయింది అందులోనే.

పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో మీర్ ఆలం సమాధి ఉంది. షియా కుటుంబాల శ్మశానం కాబట్టి తలకు బట్ట, మౌనం తప్పనిసరి. మొహర్రం పది రోజులూ వెళ్లకపోవడమే మంచిది. బస ఆబిడ్స్‌లో పెట్టుకుంటే రెండు చోట్లా దగ్గరే. రద్దీ దాటి గచ్చిబౌలి నుంచి రోజూ రావడం వృథా. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు మాత్రం విడిగా ఒక రోజు కేటాయించండి. సంస్థ నుంచి పరిచయ లేఖ ఉండాలి, పారసీ చదవగలిగినవాళ్లు పక్కన ఉండాలి. అచ్చు పారసీ వచ్చినవాళ్లు కూడా శికస్తా రాతలో తడబడతారు, అది గొలుసుకట్టు రాత.

మచిలీపట్నం విషయంలో ఆశ తగ్గించుకోవాలి. భర్త 1805 అక్టోబరు 15న కలకత్తాలో చనిపోయాక, ఖైరున్నిసా అక్కడికి వెళ్లి తిరిగొస్తుంటే హైదరాబాదులో అడుగు పెట్టనివ్వలేదు. బందరులో ప్రవాసం గడిపింది. ఆ ఊళ్లో ఆమె పేరుతో చూపించే ఇల్లుగానీ పలకగానీ లేదు. విజయవాడ నుంచి 70 కిలోమీటర్లే, బందరు కోట, డచ్చి సమాధులు చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వంశవృక్షానికి మాత్రం ఒక్క పేరూ చేరదు. కలకత్తాలో సెయింట్ జాన్ చర్చి గోడ మీద కిర్క్‌పాట్రిక్ స్మారక ఫలకం ఉంది, అరపూట చాలు.

లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి కనీసం మూడు రోజులు పట్టుకోండి. రీడర్ పాస్ ఉచితం, చిరునామా రుజువు ఒకటి, సంతకం ఉన్న గుర్తింపు ఒకటి కావాలి. పెన్నులు లోపలికి పనికిరావు, పెన్సిలే. కిర్క్‌పాట్రిక్ కాగితాలు యూరోపియన్ రాతప్రతుల్లో ఎఫ్ 228 సంఖ్య కింద ఉన్నాయి. బాప్తిస్మ, వివాహ, ఖనన పట్టీలు ఎన్ వరుసలో: 1 బెంగాల్, 2 మద్రాసు, 3 బొంబాయి. 2023 అక్టోబరు సైబర్ దాడి తర్వాత సేవలు చాలాకాలం దెబ్బతిన్నాయి కాబట్టి కావలసిన కట్ట అందుతుందో లేదో మెయిల్‌లో ఖాయం చేసుకున్నాకే టికెట్ కొనండి. బస కింగ్స్ క్రాస్ దగ్గరైతే నడిచి పోవచ్చు.

వారసుల దారి ఇలా సాగుతుంది. విలియం 1828లో, 27 ఏళ్లకే పోయాడు. కిటీ అని పిలిచే కేథరిన్ 1829లో కెప్టెన్ జేమ్స్ విన్‌స్లో ఫిలిప్స్‌ను పెళ్లాడింది. ఈ ఫిలిప్స్‌లో ఎల్ రెండు, చివరి పీ కూడా రెండు. ఒక్కటి తగ్గినా వెతుకులాట ఇంకో కుటుంబంలోకి పోతుంది. ఆమె 1889లో ఇంగ్లండులోని టోర్కీలో చనిపోయింది. లండన్ పాడింగ్టన్ నుంచి రైల్లో న్యూటన్ ఆబట్‌లో మారి చేరుకోవచ్చు. సముద్రపు ఊరు కాబట్టి వేసవిలో గదుల ధరలు పెరుగుతాయి, వసంతం మేలు.

రీడింగ్ దగ్గరి స్వాలోఫీల్డ్‌కు వెళ్లాలా అంటే, భవనంలో ఇప్పుడు జనం నివాసం ఉంటున్నారు, లోపలికి పోలేరు. కానీ కథలో కీలకమైన చోటు అదే. 1805లో మద్రాసులో జార్జ్ చినరీ ఈ అన్నాచెల్లెళ్లను నిలువెత్తున చిత్రించాడు, హైదరాబాదీ దర్బారు దుస్తుల్లో, మెట్ల మీద నిలబెట్టి. ఒకప్పుడు కిర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన హెన్రీ రస్సెల్‌ది ఈ స్వాలోఫీల్డ్ ఇల్లు, అక్కడ ఆ బొమ్మ ముందు నిలబడ్డాకే, 1841లో కిటీ తన అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని తెలుసుకుని ఉత్తరాలు మొదలుపెట్టింది. జవాబులు పారసీలో వచ్చేవి, మనవరాలికి ఇంగ్లిషే వచ్చు. ఆరేళ్లు, 1847లో అమ్మమ్మ చనిపోయేదాకా, ఆ ఉత్తరాలు అనువాదకుల చేతుల మీదుగానే నడిచాయి. బొమ్మ ఇప్పుడు హాంకాంగ్‌లో హెచ్‌ఎస్‌బీసీ సేకరణలో ఉంది. మ్యూజియం కాదు కాబట్టి ప్రయాణం పెట్టుకునే ముందు బ్యాంకుకే రాసి అడగాలి.