నెగటివ్‌ల స్కానింగ్‌కి వ్యూస్కానా, సిల్వర్‌ఫాస్టా?

నాన్న బీరువాలో బిస్కెట్ డబ్బా నిండా నెగటివ్‌లు దొరికాయి, 1991 గోదావరి పుష్కరాలవి కలర్, అంతకుముందువి బ్లాక్ అండ్ వైట్. సెకండ్ హ్యాండ్‌లో ఎప్సన్ వి600 స్కానర్ కొన్నా, ఇక స్కాన్ చేసే సాఫ్ట్‌వేర్ ఏది, డబ్బులు పెట్టి కొనే వ్యూస్కానా, సిల్వర్‌ఫాస్టా అన్న దగ్గర నెల రోజులు పోయింది.

ముందు ఎప్సన్ వాళ్ళ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టడానికి అది చాలు, ఇన్‌ఫ్రారెడ్ కాంతితో దుమ్ముని పట్టి తీసేసే డిజిటల్ ఐస్ కూడా ఉంటుంది. ఆల్బమ్ వేయించాలి, ఒరిజినల్‌లా దాచుకోవాలి అంటేనే ఆ మిగతా రెండూ.

కలర్ నెగటివ్‌కి నారింజ పొర ఉంటుంది కదా, ఉత్తినే రివర్స్ చేస్తే ఫోటో మొత్తం నీలం కొట్టేస్తుంది. పుష్కరాలు వానాకాలంలో, గోదావరి ఎర్ర నీళ్ళతో ఉంది, నాకు మాత్రం విశాఖ బీచ్‌లా వచ్చింది! సిల్వర్‌ఫాస్ట్‌లో నెగాఫిక్స్ అని ఉంది, ఫిల్ము కొడాక్ గోల్డా ఫుజీనా, ఏ ఐఎస్ఓ (ఫిల్ము స్పీడు) అని చెప్తే ఆ పొర లెక్కేసి తీసేస్తుంది, రెండు క్లిక్కుల్లో నీళ్ళు ఎర్రబడ్డాయి. వ్యూస్కాన్‌లో అయితే ఫ్రేముల మధ్య ఖాళీ ఫిల్ముని సెలెక్ట్ చేసి ఎక్స్‌పోజర్ లాక్, మళ్ళీ ప్రివ్యూ, తర్వాత ఫిల్మ్ బేస్ కలర్ లాక్. మొదటిసారి తలనొప్పే, కానీ ఆ రీలు మొత్తానికి ఒక్కసారి చేస్తే చాలు, ఫ్రేము ఫ్రేముకీ రంగు మారదు.

రంగుల్లో సిల్వర్‌ఫాస్ట్‌దే పైచేయి, అయినా నేను కొన్నది వ్యూస్కాన్. ఎందుకంటే సిల్వర్‌ఫాస్ట్ లైసెన్స్ స్కానర్ మోడల్‌ని బట్టి, రేపు వేరే స్కానర్ కొంటే మళ్ళీ డబ్బులు. వ్యూస్కాన్ వేల మోడళ్ళకి పనిచేస్తుంది, కంపెనీ డ్రైవర్లు ఆపేసిన పాత నికాన్ కూల్‌స్కాన్‌లు కూడా దీనితో నడుస్తాయి. ఫిల్ముకి ప్రొఫెషనల్ ఎడిషనే తీసుకోవాలి, ట్రయల్‌లో ఫోటో మీద వాటర్‌మార్క్ పడుతుంది. పైగా ఇన్‌ఫ్రారెడ్‌తో సహా 64 బిట్ రా ఫైల్ (స్కానర్ చూసింది చూసినట్టు, ఏ మార్పూ చేయనిది) దాచుకోవచ్చు, 3200 డీపీఐలో ఒక్క ఫ్రేమే వంద ఎంబీ దాటుద్ది, హార్డ్ డిస్క్ చూసుకోండి. రంగులు తర్వాత తీరిగ్గా ఫోటో ఎడిటర్లలో, అంటే లైట్‌రూమ్‌లో నెగటివ్ ల్యాబ్ ప్రో ప్లగిన్‌తోనో, ఫ్రీగా కావాలంటే డార్క్‌టేబుల్‌లో నెగాడాక్టర్‌తోనో సరిచేసుకోవచ్చు.

ఒక్కటి మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా గుర్తుపెట్టుకోండి, మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్ (డిజిటల్ ఐస్ లాంటివి) ఆపేయాలి. అందులో బొమ్మే వెండి, అది ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకుంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్నీ దుమ్మే అనుకుంటుంది. నేను ఆపడం మర్చిపోయా, నానమ్మ ముక్కుపుడక మాయమై ముక్కు చుట్టూ మైనం పూసినట్టొచ్చింది. బ్లోయర్‌తో దుమ్ము ఊది, టిక్ తీసేసి మళ్ళీ స్కాన్ చేస్తే ముక్కుపుడకలో రాయి కూడా కనబడింది, నాలుగు గీతలున్నాయి గానీ ఉండనిచ్చా.