ఉంగరం కోసం ఎర్రమట్టి దిబ్బల దాకా

నవంబరు ఆఖరి వారం. అల్పపీడనం పోయి రెండు రోజులైనా మబ్బు విడలేదు. విశాఖ అనగానే అందరూ అరకు బండెక్కుతారు. నేనూ, తమ్ముడూ భీమిలి వైపు వెళ్లాం. తుప్పల్లో తిరిగే పిట్టల్ని చూడాలంటే కొండల కంటే ఎర్రమట్టి దిబ్బలే నయమని నాకు ఎప్పటినుంచో నమ్మకం.

మొదటి రాత్రి సిటీలో, సముద్రం కనిపించే హోటల్లో దిగడం పొరపాటైంది. ముందు రోజే చెప్పి ఉంచినా, తెల్లవారుజామున నాలుగున్నరకి గేటు తాళం తీసే మనిషి లేడు. ఈలోగా క్యాబ్ క్యాన్సిల్. మేం దిబ్బలకి చేరేసరికి ఏడున్నర దాటింది, కముజు పిట్టల అరుపులు ఆగిపోయాయి. ఆ సాయంత్రమే భీమిలిలో చిన్న లాడ్జికి మారిపోయాం. గది సాదాసీదాగా ఉంది, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. కానీ ఐదింటికి టీ దొరికింది, ఆటో కూడా దొరికింది. పిట్టల కోసం వచ్చేవాళ్లు రెండో ఆలోచన లేకుండా భీమిలిలోనే ఉండండి. సిటీ నుంచే రావాలనుకుంటే రైల్వేస్టేషన్ నుంచి భీమిలి వెళ్లే 900కె బస్సు ఉంది.

రెండో రోజు వెలుగు రాకముందే దిబ్బల మీద ఉన్నాం. వాన తాగిన ఇసుక ముదురు ఎరుపులో, మెత్తగా ఉంది. ఇసుక రేణువులకి పట్టిన ఇనుప ఆక్సైడ్ పూతే ఆ ఎరుపు. ఇలాంటి దిబ్బలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప మన చుట్టుపక్కల దేశాల్లో చాలా అరుదు. వాగు కోసిన లోయ అడుగున కముజు పిట్ట అడుగులు వరసగా పడి ఉన్నాయి, ముందుకి మూడు వేళ్లు. వాటి వెంటే వెళ్తే ఒక జీడిమామిడి మొదట్లో ఆగిపోయాయి. దయచేసి అంచుల మీదకి ఎక్కకండి. ఒక్క అడుగుకే గట్టు జారిపోతుంది.

ఆ జీడిమామిడి ఎండుకొమ్మ మీదే బ్రౌన్ ష్రైక్ కనిపించింది. కళ్లకి గంతలు కట్టినట్టు నల్లటి పట్టీ, దాని పైన తెల్లటి గీత. కిందికి దూకి మిడతని పట్టుకుని మళ్లీ అదే కొమ్మ మీదకి వచ్చింది. సైబీరియా, మంగోలియా వైపు నుంచి వచ్చే ఈ పిట్ట ఏటా చలికాలానికి అదే చోటికి తిరిగి వస్తుందని తెలిసింది కాలికి ఉంగరాలు వేయడం వల్లే.

ఉంగరం వేయడం నేను ఒకసారి తమిళనాడు తీరంలోని కోడియక్కరైలో దగ్గర్నుంచి చూశాను. సన్నటి వలలో పడ్డ పిట్టని గుడ్డసంచిలో వేసి తూచారు. దాని మెడని చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య, వీపుని అరచేతికి ఆనేలా పట్టుకుని, రెక్క కొలిచి, నంబరున్న అల్యూమినియం ఉంగరాన్ని ప్లయర్స్‌తో నొక్కారు. వదలగానే తుర్రుమంది. సలీం అలీ నాయకత్వంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1959లో ఈ పనిని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. శిక్షణ, అటవీశాఖ అనుమతి లేకుండా ఎవరూ వల కట్టకూడదు. ఫొటో కోసం ఫోన్లో కూతలు వినిపించి పిట్టల్ని రప్పించడం కూడా నాకు తప్పనే అనిపిస్తుంది.

విశాఖ పక్కనే ఉన్న కంబాలకొండ అడవిలో ఒక పూట నడిచాం. నీడ బాగుంది, జనమూ ఎక్కువే. వారం మధ్యలో వెళ్లండి.

కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకి మాత్రం ఒక రోజు పూర్తిగా పెట్టుకోండి. రెండు తాటిదోనెలు జత కట్టిన పడవ తామరాకుల మధ్య జారుతుంటే, "గట్టిగా మాటాడకండి బాబూ, లేచిపోతాయి" అన్నాడు పడవ నడిపే తాత. నీలి రంగు నీటికోళ్లు చేతికందేంత దూరంలో దుంపలు పీక్కుని తింటున్నాయి. బేరం మాత్రం ఎక్కేముందే ఆడుకోండి.

వెళ్లిపోయే రోజు పొద్దున్న మళ్లీ దిబ్బలకి వెళ్లాం. ష్రైక్ అదే కొమ్మ మీద ఉంది. ఫొటో తీసి జూమ్ చేసి రెండు కాళ్లూ చూశాను. ఉంగరం లేదు. ఆ జీడిమామిడి ఎక్కడుందో గుర్తులు మాత్రం రాసుకున్నాను, వచ్చే నవంబరు కోసం.