మూడు బ్లేడ్ల ప్రొపెల్లర్ బాగానే ఉంది, గొడవంతా గ్రీజుతోనే

టెక్సాస్‌లో నేనూ ఇంకో పార్ట్‌నరూ కలిసి నడుపుకుంటున్న సెస్నా 182 అనే చిన్న విమానానికి, పాత రెండు బ్లేడ్లది తీయించి హార్ట్‌జెల్ మూడు బ్లేడ్ల ప్రొపెల్లర్ పెట్టించి చాలా ఏళ్లయింది. ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో బ్లేడ్ల వాలు మారుస్తూ, ప్రొపెల్లర్‌ని మనం పెట్టిన వేగంలోనే తిప్పేది గవర్నర్. ఆ వేగం పెట్టేది కాక్‌పిట్‌లోని నీలం నాబ్‌తో. మొదట్లో కనపడ్డవాళ్లందరికీ ఒకటే చెప్పేవాణ్ణి: క్రూజ్‌లో, అంటే పైకెక్కి సమంగా ఎగిరేటప్పుడు, నిమిషానికి 2300 చుట్లకి తెచ్చి వదిలితే డాష్ మీద పెన్ను కూడా కదలదని. అది ఇప్పటికీ నిజమే, గ్రీజు ఉండాల్సిన చోట ఉన్నంతవరకు.

ఒక ఏడాది యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ అయ్యాక విమానం తెచ్చుకుంటే సీటు కింద సన్నగా వణుకు మొదలైంది. రన్-అప్‌లో, అంటే టేకాఫ్‌కి ముందు నేల మీద ఇంజిన్ పరీక్షించేటప్పుడు, 1700 దగ్గర నాబ్ లాగితే ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తీరిగ్గా దిగుతోంది, తోస్తే అంతే తీరిగ్గా ఎక్కుతోంది. చలికి ఆయిల్ చిక్కబడి మొదటిసారి బద్ధకించడం మామూలే. ఆయిల్ బాగా వేడెక్కాక కూడా అదే వరస అంటే టెన్షనే.

సర్వీసు చేసినవాళ్లు బ్యాలెన్స్ తప్పిందన్నారు. బ్లేడుకు మెరిసే టేపు అంటించి, ఇంజిన్ ముందు భాగంలో సెన్సర్ బిగించి, స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలో ఉండే కోసు టోపీ) వెనక ప్లేటుకి చిన్న బరువులు వేశారు. వణుకు రీడింగ్ సెకనుకు 0.07 అంగుళాల లోపుకి దిగింది, అంటే చాలా మంచిదన్నమాట. డబ్బు కట్టాం. నాలుగు రోజులు తిరక్కుండానే వణుకు మళ్లీ హాజరు. ఈసారి పక్కనే నిలబడి చూశాను. బరువులు ముట్టుకోకుండా వరసగా రెండుసార్లు ఇంజిన్ నడిపితే, బరువెక్కువున్న వైపు మొదటిసారి ఒక కోణంలో, రెండోసారి ఇంకో కోణంలో చూపించింది. లోపల ఏదో కదులుతోందని అప్పుడు అర్థమైంది.

చివరికి ప్రొపెల్లర్ షాపులో హబ్, అంటే బ్లేడ్లన్నీ బిగించే మధ్య భాగం, విప్పితే లోపలంతా గ్రీజు ముద్దలే. ఒక్కో బ్లేడుకి గ్రీజు కొట్టే నిపుల్స్ రెండు ఉంటాయి. ఒకటి ఊడదీసి, ఆ రంధ్రంలో గట్టిపడిన పాత గ్రీజును తీగతో కదిలించి, రెండోదాన్లోంచి కొట్టాలి. మాన్యువల్ లెక్క 30 మిల్లీలీటర్లు, చేతి గన్‌తో సుమారు ఆరు పంపులు. అంతకుముందే అవతలి రంధ్రంలోంచి గ్రీజు కనపడితే అక్కడికే ఆపాలి. మన ఊళ్లో ట్రాక్టర్‌కి పాత గ్రీజు బయటికి తోసుకొచ్చేదాకా కొడుతూనే ఉంటాం కదా, మా మెకానిక్కూ అదే పద్ధతి పాటించినట్టున్నాడు. రంధ్రం పూడుకుపోయి ఉంటే గ్రీజు బేరింగ్ దాటి హబ్‌లోకి పోతుంది. ఒకసారి పోయిందా, హబ్ విప్పితే తప్ప రాదు. అది మామూలు మెకానిక్ చేసే పని కాదు, సర్టిఫికెట్ ఉన్న ప్రొపెల్లర్ షాపుకే పంపాలి. ఆ బిల్లులో గ్రీజు కొట్టినవాళ్లు ఒక్క డాలరు కూడా పంచుకోలేదు. ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. గ్రీజు 100 గంటలకో 12 నెలలకో, ఏది ముందొస్తే అప్పుడు. మేం ఎగిరేది తక్కువ కాబట్టి ఎప్పుడూ క్యాలెండరే గెలుస్తుంది, అరగని గ్రీజు మీదే మళ్లీ గ్రీజు పడుతుంది. ఏ గ్రీజు వాడారో హబ్ మీద లేబుల్ చెబుతుంది, దాన్లో వేరేది కలపకూడదు. ఎంత కొట్టాలో మాత్రం మాన్యువల్ తెరిచి చూసుకోవాల్సిందే. ఇప్పుడు ఆ పని జరిగేటప్పుడు నేను పక్కనుండి పంపులు లెక్కపెడతాను. మెకానిక్‌కి నచ్చదు, అయినా సరే.

కొనొచ్చా అంటే, మాది పొట్టి గడ్డి రన్‌వే. టెక్సాస్ ఎండాకాలంలో టేకాఫ్‌కీ క్లైంబ్‌కీ ఆ మూడో బ్లేడు పనికొస్తోంది. క్రూజ్ స్పీడు మాత్రం పాతదానికంటే కాస్త తగ్గింది, మొదట్లో ఒప్పుకోబుద్ధి కాలేదు. 182కి అసలే ముక్కు బరువు, ఇప్పుడింకాస్త. ముందు సీట్లలో ఇద్దరమే ఉంటే దిగేటప్పుడు యోక్ (విమానం స్టీరింగు) గట్టిగానే లాగాలి. పొడుగాటి కాంక్రీటు రన్‌వే నుంచి దూరప్రయాణాలు చేసేవాళ్లకైతే పాత రెండు బ్లేడ్లదే చాలు, ఆ డబ్బుతో పెట్రోలు కొట్టించుకోవచ్చు. మా రన్‌వేకి మాత్రం మళ్లీ ఇదే పెట్టిస్తానేమో, గ్రీజు కొట్టే మనిషి దొరికితే.