తోట టైమర్లలో 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్: ఏళ్ల తరబడి వాడాక

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటల్లో డ్రిప్ మోటార్లకు టైమర్ బోర్డులు తయారుచేయడం, పాడైనవి బాగుచేయడం నా పని. వాటన్నిటిలోనూ బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా, వెండి రంగులో ఉండే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టలే వాడుతున్నాను. సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ టైమర్‌కు కాలం లెక్క అందించేది ఇదే. కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరుకుతుంది. ఒకసారి కంపించడం మొదలుపెడితే ఆగడం చాలా అరుదు. మొదలుపెట్టకపోవడమే దీని జబ్బు. కరెంటు పోయి వచ్చాక టైమర్ తనంతట తాను లేవాలి, నడిరాత్రి తోటకు వెళ్లి సరిచేసే మనిషి ఉండడు. అందుకే నేను దీన్ని మొదలయ్యే తీరును బట్టే అంచనా వేస్తాను.

దీని లోపలి నిరోధం 50 కిలో ఓంల దాకా ఉంటుంది. మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లలో అది పదుల ఓంలే. పైగా ఇది ఒక మైక్రోవాట్ మించి శక్తిని తట్టుకోలేదు. బలహీనంగా నెడితే కదలదు, గట్టిగా నెడితే దెబ్బతింటుంది. కాబట్టి కొనేటప్పుడే లోడ్ కెపాసిటెన్స్ (సరైన ఫ్రీక్వెన్సీలో కంపించడానికి క్రిస్టల్‌కు బయట ఉండాల్సిన కెపాసిటెన్స్) ఎంతో అడిగి తీసుకోవాలి. 12.5 పికోఫారడ్‌ల రకం, 6 పికోఫారడ్‌ల రకం చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండు వైపులా 22 పికోఫారడ్‌ల కెపాసిటర్లు పెడితే, శ్రేణిలో అవి 11 అవుతాయి. బోర్డు రాగి గీతలది మరో రెండు కలిసి 12.5 రకానికి సరిపోతుంది. అదే బోర్డులో 6 రకం పెడితే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. కెపాసిటర్లు పెద్దవైనకొద్దీ క్రిస్టల్‌ను కదిలించే బలమూ తగ్గుతుంది.

నేను ఎక్కువగా నమ్మేది సీడీ4060 చిప్‌ను. క్రిస్టల్‌ను కంపింపజేసి, ఆ కంపనాలను భాగిస్తూ లెక్కించేది ఇదే. ఫీడ్‌బ్యాక్‌కు (అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు) 10 మెగా ఓంలు, అవుట్‌పుట్ నుంచి క్రిస్టల్‌కు 330 కిలో ఓంలు పెడతాను. ఈ రెండో రెసిస్టర్ లేకపోతే క్రిస్టల్‌పై భారం పెరుగుతుంది, ఒక్కోసారి అసలు ఫ్రీక్వెన్సీకి ఆరు రెట్లకు పైన కంపించడం మొదలుపెడుతుంది. మూడో కాలి మీద ఎల్‌ఈడీ సెకనుకు సరిగ్గా రెండుసార్లు వెలిగితే అంతా బాగున్నట్టే. క్రిస్టల్ కాళ్ల మీద మాత్రం కొలత పరికరం ప్రోబ్ పెట్టకండి. ప్రోబ్ కెపాసిటెన్స్ చాలు దాన్ని ఆపేయడానికి. ఏడో కాలి మీద 2,048 హెర్ట్జ్ వస్తుందో లేదో చూడండి.

ఎండాకాలంలో బాగా లేచిన బోర్డు వానాకాలంలో మొండికేస్తే చాలామంది క్రిస్టల్ మారుస్తారు. నా అనుభవంలో కారణం ఎక్కువసార్లు టంకం వేశాక మిగిలే ఫ్లక్స్ మడ్డి. 10 మెగా ఓంల రెసిస్టర్ పక్కనే తడి పీల్చుకున్న మడ్డి ఉంటే, దాని గుండా కరెంటు జారిపోయి చిప్ బయాస్ (అది పనిచేయడానికి ఉండాల్సిన వోల్టేజీ స్థాయి) పక్కకు జరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, పైన వార్నిష్ పూయాలి. అల్ట్రాసోనిక్ తొట్టెలో మాత్రం ముంచకండి, క్రిస్టల్ లోపల ఫోర్కు ఆకారంలో ఉండే సన్నని క్వార్ట్జ్ ముక్క విరిగే ప్రమాదం ఉంది. బోర్డు ఇచ్చే ముందు నోటి ఆవిరి ఊది చూస్తాను. దానికే ఆగిపోయే బోర్డు ముసురుకు నిలవదు.

ఇంకో పరీక్ష వదలకండి. క్రిస్టల్‌కు వరుసలో 220 కిలో ఓంల రెసిస్టర్ కలిపి కరెంటు ఇవ్వాలి. అప్పటికీ లేస్తే, క్రిస్టల్ నిరోధానికి అయిదు రెట్ల మిగులు ఉన్నట్టు. ప్రతిసారీ సప్లై కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయ్యాకే మళ్లీ ఆన్ చేయాలి. మొదలవడానికి ఒకటి రెండు సెకన్లు పట్టడం సహజమే. ప్రోగ్రాం రాసేవారు అంతవరకు ఆగేలా రాయాలి.

ఎండ సంగతీ చెప్పాలి. 25 డిగ్రీలకు ఎంత దూరం జరిగితే, ఆ తేడా వర్గాన్ని 0.034తో గుణించినంత పీపీఎం (పది లక్షల్లో వంతులు) ఇది వెనకబడుతుంది. మే నెలలో రేకు పెట్టె లోపల 60 డిగ్రీలు ఉంటే అది దాదాపు 42 పీపీఎం, అంటే రోజుకు మూడున్నర సెకన్లు. మోటారును గంట నడిపి ఆపే టైమర్‌కు ఇది లెక్కలోకి రాదు. నెలల తరబడి తేదీ, సమయం కచ్చితంగా ఉండాలంటే క్రిస్టల్ లోపలే ఉండే డీఎస్3231 గడియారం చిప్ తీసుకోండి. ధర ఎక్కువైనా ఉష్ణోగ్రతను బట్టి తనను తాను సరిచేసుకుంటుంది, బయటి కెపాసిటర్ల తంటా ఉండదు. మామూలు తోట టైమర్‌కు మాత్రం నేను ఇప్పటికీ 12.5 పికోఫారడ్‌ల గొట్టపు క్రిస్టలే వేస్తున్నాను.