డేలియో యాప్ రివ్యూ: రోజుకి ఒక నిమిషం, ఆరు చిన్న అలవాట్లు

రాత్రి ఒకసారి తెరిచి, ఆ రోజు మనసు ఎలా ఉందో చెప్పే ఐదు ముఖాల్లో ఒకటి నొక్కి, ఆ రోజు చేసిన పనుల బొమ్మలకి టిక్ పెట్టి మూసేయడం. డేలియోతో పని ఇంతే. డైరీ రాయాలని ఉన్నా తెల్ల కాగితం చూడగానే చెయ్యి ఆడనివాళ్లకి ఇంతకంటే తేలికైన దారి లేదు. ఖాతా తెరవనక్కర్లేదు, ఫోన్ నంబరు ఇవ్వనక్కర్లేదు, రాసిందంతా మీ ఫోన్‌లోనే ఉంటుంది. ఉచితంగా వచ్చేదానితోనే అసలు పని జరిగిపోతుంది. నా లెక్కలో మంచి యాప్. అయితే ఎలా అమర్చుకున్నారన్న దాని మీదే దాని మంచి అంతా ఆధారపడి ఉంది.

వెనకున్న ఆలోచన చాలా పాతది. ఏ పని చేసినప్పుడు మనసు ఎలా ఉందో రాసుకోవడం, మేలు చేసిన పనిని రేపటి రోజులో ముందే పెట్టేసుకోవడం. డిప్రెషన్ చికిత్సలో దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. 1970ల్లో అమెరికా సైకాలజిస్టు పీటర్ లూయిన్‌సన్ చేసిన పని దీనికి పునాది. మనసు బాగుపడ్డాక చేద్దాంలే అని కూర్చుంటే ఆ రోజు రాదు, ముందు చిన్న పని చేస్తే మనసు దాని వెనక వస్తుంది అన్నది సూత్రం. ఆ పద్ధతిలో కాగితం మీద చేసే లెక్కనే డేలియో వేలితో చేయిస్తుంది.

మొదటి పని: యాప్ ఇచ్చే పనుల జాబితాని ఖాళీ చేయండి. స్నేహితులు, సినిమా, షాపింగ్, ఆటలు అంటూ పెద్ద చిట్టా వస్తుంది. అన్నీ ఉంచితే రోజూ వెతుక్కోవడంతోనే విసుగొస్తుంది, నెలాఖరున లెక్క కూడా ఏమీ చెప్పదు. డిలీట్ బదులు ఆర్కైవ్ నొక్కండి. జాబితాలో కనబడదు కానీ పాత రోజుల్లో పెట్టిన గుర్తులు చెరిగిపోవు. తర్వాత కొత్త గ్రూపు చేసి ఆరు పనులు మాత్రమే పెట్టండి. పేర్లు తెలుగులోనే టైప్ చేసుకోవచ్చు.

పేరు పెట్టడంలోనే సగం పని ఉంది. 'నడక' అని పెడితే కూరగాయల బండి దాకా వెళ్లొచ్చినా టిక్ పడుతుంది, గంట నడిచినా టిక్ పడుతుంది. 'రాత్రి భోజనం తర్వాత 10 నిమిషాల నడక' అని పెట్టండి. 'ధ్యానం' అనొద్దు, 'కళ్లు మూసుకుని 5 నిమిషాలు' అనండి. అవును, కాదు అని తడుముకోకుండా చెప్పగలిగేదే గుర్తుగా పనికొస్తుంది. మామూలు ఇంట్లో కుదిరే ఆరు ఇవి: లేచిన గంటలోపు మేడ మీదో బాల్కనీలోనో 10 నిమిషాల వెలుతురు, ఫోన్ లేకుండా మొదటి కాఫీ, ఒక పూట టీవీ ఆపి అన్నం, సాయంత్రం 10 నెమ్మది శ్వాసలు, ఒక మనిషితో ఫోన్‌లో నోరారా మాట, భోజనం తర్వాత నడక. పొద్దున ముగ్గు వేసేవాళ్లు ఆ అలవాటునే ఒక గుర్తుగా పెట్టుకోవచ్చు. చుక్కలు లెక్కపెడుతూ గీత కలిపేటప్పుడు ధ్యాస ఎలాగూ వేలి దగ్గరే ఉంటుంది.

కాఫీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఫోన్ పక్క గదిలో ఉండాలి, టేబుల్ మీద బోర్లా పెట్టడం చాలదు. గ్లాసు పట్టుకోగానే వేళ్లకి తగిలే వేడి, మూతి దగ్గరికి వచ్చేసరికి డికాక్షన్ వాసన, మొదటి గుక్కలో చేదు ముందా తీపి ముందా అన్నది చూడండి. మూడు గుక్కలు చాలు. మధ్యలో ఆఫీసు ఆలోచన వస్తుంది, రానివ్వండి. వచ్చిందని తెలిశాక మళ్లీ గ్లాసు దగ్గరికి రావడమే అభ్యాసం. ఆలోచన వచ్చింది కాబట్టి ఈరోజు సరిగ్గా కుదరలేదని టిక్ మానేయకండి. శ్వాసకి కూడా అంతే: నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం, పదిసార్లు. మొత్తం రెండు నిమిషాల లోపే. తల తేలిపోతున్నట్టు అనిపిస్తే మరీ లోతుగా పీలుస్తున్నారని అర్థం, లెక్క వదిలి మామూలుగా ఊపిరి తీసుకోండి.

ఐదు ముఖాలకి మీ ఇంటి మాటల్లో అర్థం ముందే రాసి పెట్టుకోవాలి. హుషారు, బాగుంది, పర్లేదు, దిగులు, అస్సలు బాగోలేదు. 'దిగులు' అంటే పనులన్నీ చేశాను కానీ ఏదీ ఇష్టంగా చేయలేదు, 'అస్సలు బాగోలేదు' అంటే చేయాల్సినవీ చేయలేకపోయాను, ఇలా. ఇది లేకపోతే రెండు వారాలకల్లా వేలు దానంతటదే మధ్య ముఖం మీద పడుతుంది. నెల గ్రాఫు గీత గీసినట్టు చదునుగా వస్తే కారణం దాదాపుగా ఇదే.

రిమైండర్ రాత్రి భోజనం అయ్యాక తొమ్మిది ప్రాంతంలో పెట్టుకోండి. పడుకునే ముందు మంచం మీద వద్దు. దీనికోసం ఫోన్ తీసినవాళ్లు రీల్స్‌లోకి జారుకుంటారు, నిద్ర చెడుతుంది. పైగా పన్నెండు దాటితే ఆ ఎంట్రీ మర్నాటి తేదీలో పడుతుంది, అప్పుడు తేదీ మీద నొక్కి చేత్తో మార్చుకోవాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ పొదుపు వల్ల రిమైండర్ అసలు మోగదు. ఫోన్ సెట్టింగుల్లో ఈ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేస్తే సరిపోతుంది.

వరసగా ఎన్ని రోజులు రాశారో చూపే లెక్క దీనిలో నాకు నచ్చని భాగం. గొలుసు తెగిందని మనసు విరిగి మానేసేవాళ్లు కొందరు, తెగకూడదని మూడు రోజులవి ఒకేసారి నింపేసేవాళ్లు కొందరు. రెండోది ఇంకా చెడ్డది. మొన్నటి మనసుని ఈరోజు గుర్తు చేసుకుంటే ఈరోజు రంగే దానికీ అంటుకుంటుంది. తప్పిన రోజుని ఖాళీగానే వదిలేయండి.

ఇక లెక్కలు చదవడం. ముఖాలని ఐదు నుంచి ఒకటి దాకా అంకెలుగా తీసుకుని యాప్ సగటు కడుతుంది. నాలుగైదు టిక్కులున్న పని సగటుని పట్టించుకోవద్దు, కనీసం నెల నిండనివ్వండి. నెల తర్వాత నడిచిన రోజుల సగటు 3.9, నడవని రోజులది 3.3 అని వచ్చిందనుకుందాం. నడక మేలు చేసిందని వెంటనే తేల్చేస్తాం. కానీ మనసు బాగున్న రోజునే నడవబుద్ధి వేసి ఉండొచ్చు కదా! తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. వచ్చే రెండు వారాలు సోమ, బుధ, శుక్రవారాల్లో బుద్ధి వేసినా వేయకపోయినా నడవండి, మిగతా రోజుల్లో మానండి. తేడా అప్పటికీ నిలిస్తే ఆ పనిని గట్టిగా పట్టుకోండి. తేడా పోతే, ఇష్టమైతే ఉంచుకుని, ఆ చోటు ఇంకో అలవాటుకి ఇవ్వండి. నిద్ర గుర్తు పెట్టేవాళ్లు 'నిన్న రాత్రి బాగా పట్టింది' అని పేరు పెట్టాలి, లేకపోతే ఏ రాత్రి నిద్ర ఏ రోజు మనసుకి లెక్క కట్టాలో తెలియకుండా పోతుంది.

ఏడాదంతా రోజుకో రంగు గడిగా చూపే పేజీ అందంగా ఉంటుంది. అంకెల కంటే దాన్లోనే కొన్ని తొందరగా తెలుస్తాయి: ఆదివారం సాయంత్రాలు, నెలాఖరు వారం, పరీక్షల నెల. ఒక్క వాక్యం నోట్ రాస్తే ఆ గడికి కారణం కూడా దొరుకుతుంది. 'మీటింగు రెండు గంటలు, అన్నం లేటు' అన్నది చాలు.

జాగ్రత్త పడాల్సింది బ్యాకప్ విషయంలో. రాసిందంతా ఫోన్‌లోనే ఉంది కాబట్టి ఫోన్ పోయినా, పాడైనా, యాప్ తీసేసినా అన్నీ పోతాయి. సెట్టింగుల్లోకి వెళ్లి ఆండ్రాయిడ్ అయితే గూగుల్ డ్రైవ్‌కి, ఐఫోన్ అయితే ఐక్లౌడ్‌కి నెలకోసారైనా బ్యాకప్ పంపండి. కొత్త ఫోన్‌లో రీస్టోర్ అయ్యిందని కళ్లతో చూశాకే పాతదాన్ని ఖాళీ చేయండి.

మనసుని గంటగంటకీ తరచి చూసుకుని ఇంకా కుంగిపోయే స్వభావం ఉన్నవాళ్లకి ఇది సరిపడదు. వాళ్లు ముఖాల సంగతి వదిలేసి మామూలు నోటు పుస్తకంలో ఆరు గడులు గీసుకుని, చేసిన పనులకి మాత్రం టిక్ పెట్టుకుంటే మేలు. రెండు వారాలుగా దాదాపు ప్రతిరోజూ చివరి రెండు ముఖాలే పడుతుంటే ఇక యాప్‌తో ఆగకూడదు. డాక్టరుకి చూపించాలి, లేదా కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయాలి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకుండా అప్పుడే చేయాలి.

డబ్బు కట్టే ప్రీమియం గురించి: మొదటి మూడు నెలలు వద్దు. ఆరు పనులకి, ఒక రిమైండర్‌కి, నెల గ్రాఫుకి ఉచితమే చాలు. అప్పటికీ రోజూ రాస్తూ, బ్యాకప్ దానంతటదే జరగాలని, లోతైన లెక్కలు కావాలని అనిపిస్తే అప్పుడు కట్టండి. కట్టే ముందు అది నెలకా ఏడాదికా, తనంతట తానే రెన్యూ అవుతుందా అన్నది స్టోర్ పేజీలో చూసుకోండి.